పరగడుపు మాత్ర చుట్టూ పంచాయితీ

ఇంగ్లండ్‌లోని ప్లిమత్ పట్టణంలో ఎడ్వర్డ్ లారెన్స్ ఫాక్స్ అనే వైద్యుడు 1892లో ఒక వంటకాన్ని మందుగా రాసిచ్చాడు. గొర్రె థైరాయిడ్ గ్రంథిలో సగం తీసుకుని, సన్నగా తరిగి, కొద్దిగా వేయించి, కరెంట్ పండ్ల జెల్లీతో వారానికి ఒకసారి తినాలి. అదే ఏడాది లండన్‌లో హెక్టర్ మెకెంజీ కూడా థైరాయిడ్‌ను నోటి ద్వారా ఇచ్చి చూశాడు. అంతకు ముందు ఏడాది న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే ఇదే గ్రంథి సారాన్ని 46 ఏళ్ల మహిళకు సూది ద్వారా ఎక్కించాడు. మనిషి మందగించి, ముఖం ఉబ్బి, చలికి వణికే స్థితిలో ఉన్న ఆమె తేరుకుని 1919 దాకా, అంటే మరో 28 ఏళ్లు బతికింది. ఈ లోపు ఆమె వైద్యానికి ఖర్చయిన గొర్రెలు 870కి పైమాటే.

మందునే కూరలా వడ్డించిన కాలమది. ఇప్పటి థైరాయిడ్ మాత్రకు కూర కాదు కదా, పక్కన కప్పు కాఫీ ఉన్నా గిట్టదు.

గొర్రెల నుంచి మాత్ర దాకా దారి చూపినవాడు ఎడ్వర్డ్ కెండాల్. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఆయన ఆ గ్రంథి హార్మోను థైరాక్సిన్‌ను విడిగా, స్ఫటికాల రూపంలో పట్టుకోగలిగాడు. దాని నిర్మాణం ఏమిటో 1926లో చార్లెస్ హారింగ్టన్ తేల్చాడు. మరుసటి ఏడాది ప్రయోగశాలలోనే తయారు చేసి చూపించాడు. మన మందుల షాపుల్లో థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ లాంటి పేర్లతో సీసాల్లో దొరికేది ఆ హార్మోనే. శాస్త్రీయ నామం లీవోథైరాక్సిన్. ఇది ఒంటికి పరాయి పదార్థం కాదు, గ్రంథి చేయాల్సిన పనిని బయటి నుంచి పూడ్చే సరుకు. పేచీ అంతా దాని మోతాదు దగ్గరే వస్తుంది.

జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ బిళ్లలో 500 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 100 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్రలో ఉండేది అందులో ఐదువేలో వంతు. కంటికి కనిపించే బిళ్లలో దాదాపు అంతా పిండిలాంటి పూరక పదార్థమే. ఆ చిటికెడు మందు కడుపులోని ఆమ్లంలో కరిగి, చిన్నపేగులో రక్తంలోకి చేరాలి. అన్నీ అనుకూలిస్తే 70, 80 శాతం దాకా చేరుతుంది. అనుకూలించకపోతే సగానికి దిగినా ఆశ్చర్యం లేదు. వేరే మందుల్లో ఇంత తేడా వచ్చినా శరీరం సర్దుకుపోతుంది. ఇక్కడ సర్దుబాటుకు చోటు తక్కువ. అందుకే కంపెనీలు 25, 50, 75, 88, 100, 112 అంటూ ఇంత దగ్గర దగ్గర మెట్లతో మాత్రలు తయారు చేస్తాయి.

ఎంతమందికి సంబంధించిన గొడవ ఇది? హైదరాబాద్ సహా ఎనిమిది భారతీయ నగరాల్లో ఐదు వేల మందికి పైగా పెద్దలను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నవారు అందులో 10.95 శాతం తేలారు. వారిలో దాదాపు మూడో వంతు మందికి ఆ పరీక్ష జరిగే దాకా తమకు సమస్య ఉన్నట్టే తెలియదు. మగవారి కన్నా ఆడవారిలో ఎక్కువ. తెలుగు ఊళ్లలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా పొద్దున్నే ఒకటి రెండు ఇళ్లలో ఈ సీసా మూత తెరుచుకుంటుందంటే అతిశయోక్తి కాదు.

తిండితో కలిస్తే ఏమవుతుందో కొలిచి చూసిన పాత లెక్క 1977 నాటిది. జర్మనీలో వెంజెల్, కిర్ష్‌సీపర్ అనే పరిశోధకులు పరగడుపున మాత్ర వేసుకున్నవారిలో 79 శాతం మందు రక్తంలోకి వెళ్లిందనీ, తిండితో వేసుకున్నవారిలో అది 64 శాతానికి పడిపోయిందనీ చూపించారు. పైకి పదిహేను శాతం చిన్న తేడాలాగే కనిపిస్తుంది. 100 మైక్రోగ్రాముల మాత్రకు అన్వయిస్తే మాత్రం 15 మైక్రోగ్రాములు గల్లంతైనట్టు లెక్క. డాక్టర్లు మోతాదు పెంచేటప్పుడు వేసే అడుగు చాలాసార్లు 12.5 మైక్రోగ్రాములే. అంటే ఇడ్లీతో పాటు మాత్ర మింగడమంటే, డాక్టరు పెంచిన మోతాదును ప్లేటు దగ్గరే వదిలేయడం.

ఇది రక్త పరీక్షలో ఎలా కనిపిస్తుందో 2009లో వాషింగ్టన్ వైద్యులు చూశారు. అరవై అయిదు మందిని తీసుకుని, ఒక్కొక్కరినీ మూడు పద్ధతుల్లో ఎనిమిదేసి వారాల చొప్పున నడిపించారు. టిఫిన్‌కు కనీసం గంట ముందు, టిఫిన్‌తో పాటు, రాత్రి పడుకునే ముందు. పరగడుపున వేసుకున్నప్పుడు టీఎస్‌హెచ్ సగటు 1.06 ఉంది. పడుకునే ముందు వేసుకుంటే 2.19. టిఫిన్‌తో వేసుకుంటే 2.93. టీఎస్‌హెచ్ అనేది మెదడు కింది పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ. హార్మోను చాలనప్పుడు అది పెరుగుతుంది. ఈ మూడు సగటులూ మామూలు పరిధిలోనే ఉన్నాయన్నది నిజం. కానీ టిఫిన్‌తో వేసుకున్నప్పుడు మనిషికీ మనిషికీ ఫలితం బాగా చెదిరింది. కొందరికి సరిపోయింది, కొందరికి హద్దు దాటింది. వైద్యుడిని చిక్కులో పెట్టేది ఈ చెదిరిపోవడమే.

కాఫీ సంగతి వేరుగా చెప్పుకోవాలి. తెలుగు ఇళ్లలో అసలు తగవు దానితోనే.

ఇటలీలోని మెస్సీనాలో సాల్వటోరె బెన్వెంగా బృందానికి కొందరు రోగులు అర్థం కాలేదు. మాత్ర వేసుకుంటున్నారు, మోతాదు చాలినంత ఉంది, టీఎస్‌హెచ్ మాత్రం దిగదు. ఆరా తీస్తే వాళ్లంతా మాత్రను ఎస్‌ప్రెసోతోనో, మింగిన కొద్ది నిమిషాలకే ఎస్‌ప్రెసో తాగుతూనో వేసుకుంటున్నారు. రోగులతో పాటు ఆరోగ్యవంతులైన వాలంటీర్లను కూడా కూర్చోబెట్టి పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. కాఫీతో మింగితే రక్తంలోకి చేరే మందు దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గింది. నీళ్లతో మింగి గంట ఆగి కాఫీ తాగితే ఏ నష్టమూ లేదు. ప్రయోగశాలలో చూస్తే కాఫీలోని పదార్థాలు థైరాక్సిన్‌ను తమకు అంటించుకుని పట్టుకుంటున్నాయని తేలింది.

అక్కడ తాగింది పాలు లేని చిన్న కప్పు ఎస్‌ప్రెసో. మన ఫిల్టర్ కాఫీలో డికాక్షన్‌తో పాటు పాలూ ఉంటాయి. పాల మీద కూడా ఒక ప్రయోగం జరిగింది. 2018లో అమెరికాలో పది మంది ఆరోగ్యవంతులకు 1000 మైక్రోగ్రాముల మందును ఒకసారి నీళ్లతో, మరోసారి 350 మిల్లీలీటర్ల పైచిలుకు ఆవుపాలతో ఇచ్చి చూశారు. పాలతో దాదాపు 8 శాతం తక్కువ చేరింది. పాల దెబ్బ కాఫీ దెబ్బ కన్నా తేలికే. రెండూ ఒకే గ్లాసులో ఉన్నప్పుడు రెంటినీ గంట దూరంలో పెట్టడమే క్షేమం. పాలు, టీపొడి కలిసి మరిగిన టీ విషయంలోనూ అదే జాగ్రత్త పాటించడం మేలు.

చిక్కేమిటంటే, పరగడుపు కోసం పోటీపడేవి తెలుగు ఇంట్లో కాఫీ ఒక్కటే కాదు. రాత్రి నానబెట్టిన మెంతుల నీళ్లు పరగడుపునే. నిమ్మరసం తేనె కలిపిన గోరువెచ్చని నీళ్లు పరగడుపునే. షుగర్ ఉన్నవారికి ఎవరో చెప్పిన కాకరకాయ రసం పరగడుపునే. వీటికి తోడు డాక్టరు రాసిన గ్యాస్ మాత్ర కూడా టిఫిన్‌కు ముందే. అన్నీ ఆరు గంటలకు వరుసగా కడుపులో పడ్డాక, థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకున్నట్టు ఇంటావిడ అనుకుంటుంది. అది మాటకే పరగడుపు. మాత్రకు కావలసింది మంచినీళ్లు, ఆ తర్వాత ఖాళీ కడుపుతో అరగంట నుంచి గంట వ్యవధి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2014 మార్గదర్శకాలు టిఫిన్‌కు 60 నిమిషాల ముందు అంటాయి. మన డాక్టర్లు ఎక్కువగా అరగంట చెబుతారు. పిల్లల క్యారేజీ, భర్త ఆఫీసు, అత్తగారి కాఫీ మధ్య ఇరుక్కున్న మనిషికి గంట దొరకడం ఎంత కష్టమో తెలిసే ఆ సడలింపు ఇస్తారనుకోవచ్చు. తెల్లవారుజామున ఏ నాలుగింటికో మెలకువ వచ్చి మంచినీళ్లు తాగే అలవాటున్నవారు అప్పుడే మాత్ర మింగేస్తే గడియారంతో పేచీ ఉండదు.

కాఫీని మించిన గట్టి ప్రత్యర్థులు రెండున్నాయి. రెండూ మాత్రలే, రెండూ మంచివే, చాలాసార్లు ఒకే డాక్టరు చీటీలో ఉంటాయి.

మొదటిది క్యాల్షియం. 2000లో లాస్ ఏంజెలిస్‌లో ఇరవై మంది రోగులకు థైరాయిడ్ మాత్రతో పాటే 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం వచ్చేలా క్యాల్షియం కార్బొనేట్ ఇచ్చారు. మూడు నెలల్లో వారి టీఎస్‌హెచ్ సగటు 1.6 నుంచి 2.7కు పెరిగింది. ఐదుగురిలో ఒకరికి అది మామూలు హద్దు దాటింది. క్యాల్షియం ఆపగానే మళ్లీ దిగింది. రెండోది ఐరన్. 1992లో ప్రచురితమైన అధ్యయనంలో పద్నాలుగు మంది థైరాయిడ్ మాత్రతో పాటే 300 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ వేసుకున్నారు. పన్నెండు వారాల్లో టీఎస్‌హెచ్ సగటు 1.6 నుంచి 5.4కు ఎగబాకింది. కారణం రసాయనమే. ఐరన్, క్యాల్షియం లాంటి లోహాలు పేగులో థైరాక్సిన్‌తో జట్టుకట్టి, గోడ దాటలేని ముద్దగా మారతాయి. కార్బొనేట్ బదులు సిట్రేట్ క్యాల్షియం అయితే ఫర్వాలేదన్న మాట ఒకటి వినిపిస్తుంది. దానికీ మినహాయింపు లేదని 2011 నాటి ప్రయోగం తేల్చింది. నాలుగు గంటల ఎడం ఉండాలని మార్గదర్శకాలు చెబుతాయి.

ఈ నాలుగు గంటల లెక్క అన్నిటికన్నా క్లిష్టంగా మారేది గర్భిణికి. ప్రభుత్వ కార్యక్రమం కింద ఆమెకు రోజూ 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రను కనీసం 180 రోజులు ఇస్తారు. రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల క్యాల్షియం మాత్ర ఉంటుంది. ఐరన్, క్యాల్షియం కలిపి వేసుకోకూడదని ఆ కార్యక్రమమే చెబుతుంది, ఎందుకంటే ఆ రెంటికీ ఒకదానితో ఒకటి పడదు. వీటి మధ్యకు థైరాయిడ్ మాత్ర వస్తుంది. అదీ గర్భంలో అవసరం పావు వంతుకు పైగా పెరిగి మోతాదు ఎక్కువైన మాత్ర. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి థైరాక్సిన్ మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ పొరపాటుకు ఖరీదు ఎక్కువ. ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్రలన్నీ పొద్దున్నే టిఫిన్ తర్వాత ఒక్క గుక్కలో మింగేసే గర్భిణులు తక్కువేమీ కాదు. సర్దుబాటుకు దారి లేకపోలేదు. తెల్లారి ఆరింటికి థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్నం భోజనంతో క్యాల్షియం, సాయంత్రం నాలుగున్నరకో అయిదుకో ఐరన్, రాత్రి భోజనంతో రెండో క్యాల్షియం. రోజంతా పంచితే అన్నిటికీ చోటు దొరుకుతుంది. ఈ పట్టికను చీటీ వెనక గీసిచ్చే ఓపిక ఓపీ రద్దీలో డాక్టరుకు ఉండకపోవచ్చు. మందుల షాపు ఫార్మసిస్టో, ఏఎన్‌ఎమ్మో ఆ పని చేయగలరు.

ఎముకల కోసమని రాగి జావకు మారినవారికీ ఒక మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది, పైగా పీచు ఎక్కువ. పీచు బాగా దట్టించిన రొట్టె అలవాటున్న కొందరు రోగులకు మోతాదు పెంచాల్సి వచ్చిందని ఇజ్రాయెల్ వైద్యులు 1996లోనే రాశారు. అంతమాత్రాన రాగి జావ మానేయాల్సిన పని లేదు. మాత్ర మింగిన వెంటనే కాకుండా టిఫిన్ వేళకు తాగితే చాలు.

కడుపు ఆరోగ్యం కూడా ఈ కథలో పాత్రధారే. మాత్ర ముందు కరగాలి, కరగడానికి ఆమ్లం కావాలి. 2006లో రోమ్ నగర వైద్యులు హెలికోబాక్టర్ పైలోరి సూక్ష్మజీవి సోకినవారిలో, జఠర పొర పలచబడినవారిలో థైరాయిడ్ మోతాదు 22 నుంచి 34 శాతం ఎక్కువ అవసరమవుతోందని చూపించారు. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ లాంటి మందులు వాడేవారిలోనూ అదే ధోరణి. మన దగ్గర ఈ గ్యాస్ మాత్రలను డాక్టరు రాయకపోయినా నెలల తరబడి మింగుతూ ఉంటారు. జెలుసిల్, డైజీన్ లాంటి సిరప్పుల్లో ఉండే అల్యూమినియం హైడ్రాక్సైడ్ వేరే దారిలో అడ్డుపడుతుంది, థైరాక్సిన్‌ను తనకు అంటించుకుంటుంది. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, బరువు తగ్గడానికి చేసే పేగు శస్త్రచికిత్స కూడా ఈ అడ్డంకుల జాబితాలో ఉన్నాయి. ఎంత పెంచినా మోతాదు చాలడం లేదంటే పేగుల వైపు చూడమని దాని అర్థం. కొన్నిసార్లు మొండి టీఎస్‌హెచ్ వెంటపడి వెతికితేనే సీలియాక్ బయటపడుతుంది.

ఇంత ఉండగా, థైరాయిడ్ అనగానే తెలుగు ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న మాత్రం క్యాబేజీ తినొచ్చా అని. కాలీఫ్లవర్? ముల్లంగి? ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. గ్రంథి పనిని అడ్డుకునే తిండి ఒకటి, మాత్రను అడ్డుకునే తిండి మరొకటి. క్యాబేజీ అపవాదు మొదటి రకానికి చెందింది. 1928లో అమెరికాలోని బాల్టిమోర్‌లో సిఫిలిస్ పరిశోధన కోసం పెంచుతున్న కుందేళ్లకు గొంతు వాపులు వచ్చాయి. ఎందుకని చూస్తే వాటి మేత దాదాపు క్యాబేజీయే. ఆ కుటుంబపు కూరల్లోని కొన్ని పదార్థాలు గ్రంథి అయోడిన్ పట్టుకోకుండా అడ్డుతాయన్నది నిజం. కానీ ఆ కుందేళ్లు తిన్నట్టు పచ్చి క్యాబేజీని పూటపూటా మేసేవారు మనలో లేరు. ఉడికిస్తే ఆ గుణం చాలా వరకు తగ్గుతుంది. ఉప్పులో అయోడిన్ కలుస్తోంది. అన్నిటికన్నా ముఖ్యంగా, గ్రంథి తీసేసినవారికి, హార్మోను మొత్తం మాత్ర నుంచే వస్తున్నవారికి క్యాబేజీ అడ్డుకోవడానికి అక్కడ పని చేసే గ్రంథే లేదు. వారానికి ఒకరోజు క్యాబేజీ కూర మానేసి, రోజూ మాత్రను కాఫీతో మింగే ఇళ్లు ఎన్నో. భయం ఒకచోట, నష్టం మరోచోట.

గొంతు వాపు పరిశోధనకు హైదరాబాద్‌తో ఒక పాత చుట్టరికం ఉంది. బ్రిటిష్ వైద్యాధికారి రాబర్ట్ మెకారిసన్ గిల్గిట్ లోయలో గొంతు వాపుల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆ తర్వాత నీలగిరుల్లోని కూనూరులో 1918లో ఆయన మొదలుపెట్టిన చిన్న విచారణ విభాగమే పోషకాహార పరిశోధనశాలగా ఎదిగి, 1958లో హైదరాబాద్‌కు తరలి, చివరకు జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. రాగుల క్యాల్షియం లెక్క చెప్పిన పట్టికలు ఆ సంస్థవే.

క్యాబేజీలా కాక, సోయా మాత్రం రెండో రకానికి, అంటే మాత్రను అడ్డుకునే తిండికి చెందుతుంది. పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న పసిపిల్లలకు సోయా పాలపొడి పట్టినప్పుడు టీఎస్‌హెచ్ దిగడానికి ఎక్కువ కాలం పట్టిందని, మోతాదు ఎక్కువ కావాల్సి వచ్చిందని వైద్యులు గమనించారు. పెద్దల్లో మీల్ మేకర్ కూర, సోయా పాలు మానక్కర్లేదు, మాత్ర పక్కన పెట్టకపోతే చాలు. అమెరికాలో పొద్దున్నే సోయా ప్రొటీన్ షేకు తాగి జిమ్‌కు పరిగెత్తే తెలుగు కుర్రకారుకు ఈ మాట మరీ వర్తిస్తుంది.

పొద్దున గంట ఆగలేనివారు రాత్రి వేసుకోవచ్చా? ఈ ప్రశ్న దగ్గర పరిశోధనలే ఒకదానితో ఒకటి వాదులాడుకున్నాయి. 2010లో నెదర్లాండ్స్‌లో తొంభై మందిని మూడేసి నెలలు పొద్దున, మూడేసి నెలలు రాత్రి నడిపించారు. ఏ పూటది అసలు మందో, ఏది ఉత్తి క్యాప్సూలో రోగికీ వైద్యుడికీ తెలియకుండా జాగ్రత్తపడ్డారు. రాత్రి వేసుకున్నప్పుడు టీఎస్‌హెచ్ సగటున 1.25 తగ్గింది, రక్తంలో హార్మోను కాస్త పెరిగింది. రాత్రి పూట పేగు కదలిక నెమ్మదిస్తుంది, కడుపులో ఆమ్లం ఎక్కువగా ఊరుతుంది, కాఫీ బెడద లేదు, ఇదీ వారి వివరణ. అంతకు ఏడాది ముందే వాషింగ్టన్‌లో రాత్రి మాత్ర పరగడుపు మాత్రకు వెనకబడింది కదా, ఏది నమ్మాలి? గంటల్లోకి చూస్తే చిక్కుముడి చాలా వరకు విడిపోతుంది. నెదర్లాండ్స్‌లో పొద్దున మాత్రకూ టిఫిన్‌కూ మధ్య అరగంటే ఉంది, వాషింగ్టన్‌లో కనీసం గంట. పొద్దుటి నియమం కఠినమైన చోట పొద్దున గెలిచింది, సడలిన చోట రాత్రి గెలిచింది. రోహ్‌తక్‌లో 2011లో కొత్తగా జబ్బు తేలిన నూట యాభై మందికి పైగా రోగుల్లో పోల్చి చూస్తే, పూట మారినా ఫలితం దాదాపు ఒకటే వచ్చింది.

నెదర్లాండ్స్‌లో జనం ఎక్కువగా సాయంత్రం ఆరు ప్రాంతంలోనే భోజనం చేస్తారు. మన ఇళ్లలో తొమ్మిదిన్నరకు అన్నం, పదిన్నరకు పక్క. రాత్రి మాత్రకు, భోజనానికి మధ్య మూడు గంటలు ఉండాలన్న నియమం ఆ గంటలో ఎలా ఇముడుతుంది? ఆపైన పడుకునే ముందు గ్లాసు పాలు తాగే అలవాటు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో అమెరికా వేళలకు పనిచేసేవారికి పొద్దున అంటే ఏదో, రాత్రి అంటే ఏదో కూడా చెప్పడం కష్టం. వారికి గడియారం కన్నా కడుపే కొలమానం. రోజులో ఏ వేళ కడుపు మూడు నాలుగు గంటలుగా ఖాళీగా ఉండి, ఆపైన మరో గంట ఖాళీగా ఉంచగలరో, అదే వారి మాత్ర వేళ.

రంజాన్ నెలలో ఈ లెక్క తలకిందులవుతుంది. తినే వేళలన్నీ ఇఫ్తార్‌కూ సహరీకీ మధ్య కుదించుకుపోతాయి. ఉపవాసం విడవగానే నీళ్లతో మాత్ర వేసుకుని అరగంట ఆగడం ఒక దారి. కానీ రోజంతా ఆకలితో ఉన్న మనిషిని హలీం ముందు కూర్చోబెట్టి అరగంట ఆగమనడం మాటలు కాదు. సహరీకి ముందే లేచి వేసుకోవడం రెండో దారి. రాత్రి తిండి ముగిసిన మూడు గంటలకు వేసుకోవడం మూడోది. నెల ముగిశాక టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగినట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. చాలామందికి అది హద్దులోనే ఉంటుంది. కార్తీక సోమవారాల ఉపవాసం మాత్రం ఈ మాత్రకు నిజానికి అనుకూలం. ఆ రోజు కడుపు ఖాళీ, మాత్రకు కావలసింది మంచినీళ్లే. ఉపవాసం పేరుతో మాత్ర మానేయడం అక్కర్లేని త్యాగం.

ఒకరోజు మరచిపోతే గుండెలు బాదుకోనక్కర్లేదు. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి ఏడు రోజులు పడుతుంది. రోజూ వేసుకోవడం ఎంతకీ కుదరని కొందరికి వారం మోతాదు మొత్తం ఒకేరోజు ఇచ్చి చూసిన వైద్యులూ ఉన్నారు. గుండె జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు ఆ దారి పనికిరాదు. మిగతావారికైనా వైద్యుడి కనుసన్నల్లోనే. అసలు మందు పీల్చుకోవడంలోనే లోపం ఉందా, లేక మనిషి మాత్ర వేసుకోవడం లేదా అని తేల్చడానికీ ఇదే పెద్ద మోతాదు ఉపయోగపడుతుంది. ఆసుపత్రిలో కళ్లముందే 1000 మైక్రోగ్రాములు మింగించి, కొన్ని గంటల పాటు రక్తం పరీక్షిస్తారు. అమెరికాలో 1991లో ఇలా పరీక్షించిన కొందరు మహిళల పేగులు భేషుగ్గా ఉన్నాయి. లోపమల్లా మాత్రలు మింగకపోవడంలోనే. ఈ స్థితికి వైద్యులు మిథ్యా శోషణ లోపం అని పేరు కూడా పెట్టారు.

దీన్ని బట్టి రోగి ఎప్పుడూ అబద్ధమాడతాడని అనుకోవడం అన్యాయం. ఎక్కువమంది విషయంలో జరిగేది మరీ మామూలు సంగతి. ఏళ్ల తరబడి కాఫీతో మింగుతుంటారు. టీఎస్‌హెచ్ ఎక్కువుందని డాక్టరు 75 నుంచి 100కు, 100 నుంచి 125కు పెంచుకుంటూ పోతాడు. కాఫీ వల్ల పోయే వాటాను కూడా కలుపుకుని మోతాదు కుదురుకుంటుంది. అలా కుదురుకోవడంలో తప్పేమీ లేదు, అలవాటు మారనంత వరకు. ఒకరోజు ఎవరో చెబితే విని, మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకోవడం మొదలుపెడతారు. అప్పటి దాకా పేగు దాటని మందంతా దాటుతుంది, మోతాదు ఎక్కువవుతుంది. గుండె దడ, చెయ్యి వణుకు, నిద్ర లేమి. వయసు మళ్లినవారిలో గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం. పద్ధతి మార్చుకున్న సంగతి డాక్టరుకు చెప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవడం అందుకే అవసరం. అంతకు ముందే చేయిస్తే టీఎస్‌హెచ్ ఇంకా పాత అలవాటు కథే చెబుతుంది. మోతాదు పెంచాల్సి వచ్చినప్పుడు డాక్టరు ముందు అడగాల్సిన ప్రశ్న మాత్ర పేరు కాదు, దాని తర్వాత ఏమి తాగుతున్నారన్నది.

తిండి గొడవను సాంకేతికంగానే తప్పించుకునే ప్రయత్నాలు కూడా సాగాయి. మెత్తటి జెల్ క్యాప్సూళ్లు, ద్రవరూప థైరాక్సిన్ వచ్చాయి. వాటిలో మందు ముందే కరిగి ఉంటుంది కాబట్టి ఆమ్లం సాయం అంతగా అక్కర్లేదు. ఇటలీలో 2016లో ప్రచురితమైన పరీక్షలో ద్రవరూప మందును టిఫిన్‌తో వేసుకున్నా, అరగంట ముందు వేసుకున్నా టీఎస్‌హెచ్‌లో తేడా రాలేదు. మన దగ్గర ఎక్కువమంది చేతికి అందేది మాత్రే. దానికో వేసవి బెడద కూడా ఉంది. థైరాక్సిన్ వేడికి, తేమకు, వెలుతురుకు చెడిపోయే గుణమున్న పదార్థం. మే నెలలో పొయ్యి పక్క అలమరలో, ఆరుబయట నిలిపిన కారులో పెట్టిన సీసాలో మందు నిదానంగా బలం కోల్పోతుంది.

రక్త పరీక్ష నాటి సంగతి ఒకటి మిగిలింది. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, తిన్న తర్వాత కాస్త తక్కువగా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకు రక్తమివ్వడం మంచిది. ఆ రోజు మాత్రను రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, లేకపోతే అప్పుడే మింగిన మందు వల్ల ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే థైరాక్సిన్, తాత్కాలికంగా ఎక్కువ చూపిస్తుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవారు, థైరాయిడ్ లోపంలో జుట్టు రాలడం మామూలే కాబట్టి వీరు తక్కువేమీ కాదు, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. చాలా ల్యాబుల్లోని పరీక్ష పద్ధతి బయోటిన్‌నే ఆధారం చేసుకుని పనిచేస్తుంది. రక్తంలో అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ తక్కువగా, హార్మోను ఎక్కువగా ఉన్నట్టు రిపోర్టు తప్పుగా వస్తుంది. ఆ రిపోర్టు చూసిన డాక్టరు, కాఫీ మూలంగా అసలే తక్కువ అందుతున్న మోతాదును ఇంకా తగ్గించే ప్రమాదం ఉంది.